శంషాబాదు నుండి జిద్దాకు ఎన్ని గంటలు?

ఉమ్రా ప్రయాణాల కాలం మొదలైతే చాలు, మా మదరసాకు వచ్చేవారి ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి. “మౌలానా సాబ్! హైదరాబాదు నుండి జిద్దా ఎంత దూరం? ఎన్ని గంటలు పడుతుంది? దారిలో ఏయే నమాజులు వస్తాయి?” అని అడుగుతారు. మొదటి రెండింటికి జవాబు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. శంషాబాదు విమానాశ్రయం నుండి జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా ఆగని విమానానికి ఐదున్నర నుండి ఆరు గంటలు పడుతుంది. మూడవ ప్రశ్నకు మాత్రం ఒక్క వాక్యం చాలదు. ఈ నెల మన శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

ముందుగా ఆ ఆరు గంటల సంగతి. టికెట్టు మీద ఆరు గంటలని చూసి పిల్లలు తమ తల్లిదండ్రులకు ధైర్యం చెబుతారు. “అమ్మీ! ఇక్కడ నాష్తా చేసి ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటారు” అంటారు. ఆ ఆరు గంటలు విమానానివే గాని ప్రయాణీకునివి కావు. పాతబస్తీలో నివసించే ఒక పెద్దమనిషిని ఉదాహరణగా తీసుకోండి. శంషాబాదు చేరడానికి ఇంటి నుండి గంట. బృందంతో వెళ్లేవారిని విమానం బయలుదేరడానికి నాలుగు గంటల ముందే రమ్మంటారు. ఆ తరువాత గాలిలో ఆరు గంటలు. జిద్దాలో దిగిన తరువాత పాస్‌పోర్టు తనిఖీ, సామాను, బస్సు కోసం నిరీక్షణ కలిపి గంటన్నర నుండి రెండు గంటలు. ఆ విమానాశ్రయం జిద్దా నగరానికి ఉత్తరాన ఉన్నది గనుక అక్కడి నుండి మక్కాకు వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బస్సులో మరో గంటన్నర, రద్దీ ఉంటే రెండు గంటలు. మొత్తం కూడితే పద్నాలుగు, పదిహేను గంటలు అవుతున్నది. కర్నూలు నుండి వచ్చేవారికి దీనికి ముందు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ప్రయాణం ఉన్నది. ఆదిలాబాదు వారికి అంతకన్నా ఎక్కువ. అటువంటి వారి “ఆరు గంటల ప్రయాణం” ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా మింగివేస్తుంది.

ఇక దుబాయి, షార్జా, మస్కట్ వంటి చోట్ల విమానం మారే టికెట్లు కొంత చవకగా దొరుకుతాయి. అవి తీసుకోవద్దని మేము అనము. నలుగురున్న కుటుంబానికి ఆ తేడా చిన్నది కాదు. అయితే డబ్బు చెల్లించే ముందు “గాలిలో ఎన్ని గంటలు” అని గాక “మా ఇంటి గడప నుండి మక్కాలో గది తలుపు దాకా ఎన్ని గంటలు” అని ఏజెంటును అడగండి. డెబ్బై ఏళ్ల తల్లిని మధ్యలో ఎనిమిది గంటలు ఒక లోహపు కుర్చీలో కూర్చోబెట్టే టికెట్టు చవక అనిపించుకుంటుందో లేదో అప్పుడు నిర్ణయించుకోవచ్చు. చక్రాల కుర్చీ కావలసినవారు టికెట్టు తీసుకునేటప్పుడే ఆ మాట నమోదు చేయించుకోవాలి. విమానాశ్రయంలో చూసుకుందామనుకుంటే అప్పటికి ఆలస్యమవుతుంది.

పూర్వం ఈ దూరాన్ని మన పెద్దలు మరొక విధంగా కొలిచేవారు. బొంబాయి రేవు నుండి జిద్దాకు ఓడలో వారానికి పైగా పట్టేది. బొంబాయికి చేరడం ఒక ప్రయాణం, రేవులో ఓడ కోసం ఎదురుచూడడం ఇంకొక ప్రయాణం. హజ్ యాత్రీకుల ఓడలు 1995లో ఆగిపోయాయి. ఆ ప్రయాణంలో కష్టం చాలా ఉండేది గాని ఒక సౌలభ్యం కూడా ఉండేది. నమాజు వేళలు నెమ్మదిగా మారేవి. ఓడ పడమటికి సాగిన కొద్దీ సూర్యాస్తమయం రోజుకు కొన్ని నిమిషాల చొప్పున వెనుకకు జరిగేది. మనిషి శరీరం, గడియారం, అజాన్ కలిసి నడిచేవి. విమానంలో ఆ మార్పు అంతా ఆరు గంటలలో ముగుస్తుంది. నేటి యాత్రీకుల నమాజులు తప్పిపోవడానికి సగం కారణం ఇదేనని మా అభిప్రాయం. వారిలో భక్తి లోపించి కాదు, లెక్క తెలియక తప్పిపోతున్నాయి.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. భూమి ఒక్కొక్క రేఖాంశ డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. హైదరాబాదు 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కొద్దిగా ఆవల ఉన్నది, జిద్దా 39 డిగ్రీలకు కొద్దిగా ఆవల ఉన్నది. తేడా 39 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 156 నిమిషాలు, అంటే రెండు గంటల 36 నిమిషాలు. హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చిన తరువాత జిద్దాలో అదే స్థితికి రావడానికి అంత సమయం పడుతుంది. మన దేశపు గడియారానికీ సౌదీ గడియారానికీ రెండున్నర గంటల తేడా ఉండడానికి మూలం ఇదే.

విమానం పడమటికి పోతున్నప్పుడు సూర్యుని వెంబడిస్తూ పోతుంది. మన అక్షాంశాల వద్ద సూర్యకాంతి భూమి మీద గంటకు సుమారు 1,580 కిలోమీటర్ల వేగంతో పడమటికి జరుగుతుంది. విమానం వేగం దానిలో సగం పైచిలుకు. అందుచేత విమానంలో కూర్చున్నవానికి పొద్దు సగం వేగంతోనే వాలుతున్నట్లు ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఇది తలక్రిందులవుతుంది. సూర్యుడు ఎదురుగా వస్తాడు. రాత్రి కురచనవుతుంది, ఫజ్ర్ తొందరగా వస్తుంది.

ఇప్పుడు ఒక టికెట్టును ఎదుట పెట్టుకుని చూద్దాం. జనవరి మాసం. విమానం శంషాబాదు నుండి మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరుతుంది. ఆరు గంటల ప్రయాణం. దిగేటప్పటికి మన గడియారంలో రాత్రి 8, జిద్దా గడియారంలో సాయంత్రం 5:30. జనవరిలో హైదరాబాదులో జుహర్ వేళ పన్నెండున్నర ప్రాంతంలోనే మొదలవుతుంది గనుక విమానం ఎక్కకముందే విమానాశ్రయంలోని నమాజు గదిలో జుహర్ నెరవేర్చుకోవచ్చు. జిద్దాలో సూర్యాస్తమయం ఆరు గంటలకు కాస్త ముందు. అంటే విమానం నేలను తాకేటప్పటికి ఇంకా అరగంట పొద్దు ఉంటుంది.

మరి అస్ర్? “దిగిన తరువాత చూసుకుందాం, ఇంకా వెలుతురు ఉందిగా” అనుకునేవారే అధికం. విమానం తలుపు తెరవడానికి, బస్సులో భవనం చేరడానికి, పాస్‌పోర్టు వరుసలో నిలబడడానికి ఆ అరగంట చాలదు. వరుసలో ఉండగానే మగ్రిబ్ అజాన్ వినబడుతుంది. అల్లాహ్ గృహానికి అతిథిగా వచ్చిన దాసుడు ఆ నేల మీద అడుగుపెడుతూనే ఒక ఫర్జ్ నమాజును పోగొట్టుకుంటాడు. దివ్య ఖుర్ఆన్ నాలుగవ సూరా 103వ వాక్యం నమాజును నిర్ణీత వేళలతో ముడిపడిన విధిగా ప్రకటించింది. ఉమ్రా సున్నత్, నమాజు ఫర్జ్. ఒకదాని కోసం వెళ్తూ రెండవదానిని విడిచిపెట్టడం ఎంతమాత్రం తగదు. ఇటువంటి టికెట్టు ఉన్నవారు అస్ర్‌ను విమానంలోనే చేయాలి.

విమానంలో నమాజు ఎలా చేయాలన్నది తరువాతి ప్రశ్న. నిలబడగలిగినవారు నిలబడే చేయాలి. సీట్లలో కూర్చునే చేస్తే సరిపోతుందన్న మాట చాలామందిలో పాతుకుపోయింది. ఆరోగ్యవంతునికి ఫర్జ్ నమాజులో నిలబడడం విధి. సిబ్బంది భోజనాలు వడ్డించని వేళ చూసి, వారిని మర్యాదగా అడిగి, వెనుక భాగంలో కొద్దిపాటి ఖాళీ స్థలంలో ఒక్కొక్కరుగా రెండు రకాతులు చేసుకుంటే మూడు నాలుగు నిమిషాల పని. అస్ర్ ఖస్ర్‌గా రెండే రకాతులు గదా. ఇరవై మంది ఒక్కసారిగా దారిలో బారులు తీరి తోటి ప్రయాణీకులను ఇబ్బంది పెట్టడం మాకు సమ్మతం కాదు. విమానం కుదుపులకు లోనై అందరూ బెల్టు పెట్టుకోవలసి వస్తే, వేళ దాటిపోయే ప్రమాదం ఉంటే, కూర్చున్న చోటనే సైగలతో చేసి, దిగిన తరువాత తిరిగి చేసుకోవాలన్నది హనఫీ పండితుల జాగ్రత్త కలిగిన మాట. ఇతర మస్లక్‌ల వారికి రెండు నమాజులను కలిపి చేసే వెసులుబాటు ఉన్నది. వారు తమ పండితులు చెప్పిన ప్రకారం నడుచుకుంటారు.

ఖిబ్లా విషయంలో ఈ దారి అల్లాహ్ కరుణతో సులువైనది. హైదరాబాదు నుండి జిద్దా ఏ దిక్కున ఉన్నదో మక్కా కూడా ఇంచుమించు ఆ దిక్కుననే ఉన్నది. అందుచేత పోయేటప్పుడు దారి పొడవునా ఖిబ్లా దాదాపు విమానం ముక్కు వైపే ఉంటుంది, వచ్చేటప్పుడు తోక వైపు. దిగడానికి కొద్దిసేపటి ముందు మాత్రం విమానం మక్కాకు ఉత్తరంగా సాగి జిద్దాకు పోతుంది గనుక ఖిబ్లా ఎడమ వైపుకు తిరుగుతుంది. ఎదుటి తెరపై పటం ఉంటే చూసుకోవడం మేలు. వుజూ మాత్రం నేల మీద ఉండగానే చేసుకుని ఎక్కండి. విమానంలోని చిన్న గదిలో పెద్దవారు కాలు ఎత్తి కడుక్కోబోయి జారిపడిన సంఘటనలు విన్నాము.

ఇక్కడ సెల్‌ఫోన్ల గురించి ఒక మాట. మన ఫోన్లలో అజాన్ యాప్‌లు ఉంటాయి. విమానంలో ఫోను బయటి సంబంధం లేకుండా ఉంటుంది గనుక అది ఇంకా హైదరాబాదు వేళలనే చూపుతుంది. పైన చెప్పిన విమానంలో మన గడియారం ప్రకారం సాయంత్రం ఆరు గంటలకు ఆ ఫోను మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. కిటికీలోంచి చూస్తే అరేబియా ఎడారి మీద సూర్యుడు ఇంకా ఎత్తుగా ఉంటాడు! అక్కడి పొద్దు లెక్కన అప్పటికి నాలుగు గంటలు దాటి కొద్దిసేపే అయి ఉంటుంది. ఆ అజాన్ విని మగ్రిబ్ చేసినవారి నమాజు నెరవేరదు, ఎందుకంటే వేళే రాలేదు.

ఉపవాసి విషయంలో ఇది మరింత గంభీరం. రమజానులో ఉమ్రాకు వెళ్లేవారు ఏటేటా పెరుగుతున్నారు. ప్రయాణీకునికి ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతి ఉన్నది. కాని హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం తెల్లవారుజామున తన ఊరిలోనే ఉండి ఉపవాసం మొదలుపెట్టి, పగటి పూట ప్రయాణానికి బయలుదేరినవాడు ఆ రోజు ఉపవాసాన్ని పూర్తి చేయాలి, ప్రయాణాన్ని సాకుగా చూపి మధ్యలో విరమించరాదు. ఇప్పుడు లెక్క వేయండి. మార్చి నడుమ హైదరాబాదులో సహ్రీ వేళ ఐదుంబావు ప్రాంతంలో ముగుస్తుంది. మధ్యాహ్నం విమానంలో జిద్దాకు బయలుదేరినవానికి ఇఫ్తార్ అక్కడి సూర్యాస్తమయానికి, అంటే సౌదీ గడియారంలో ఆరున్నరకు, మన గడియారంలో రాత్రి తొమ్మిది గంటలకు. ఇంటి వద్ద పదమూడు గంటల పైచిలుకు ఉండే ఉపవాసం పదహారు గంటలకు దగ్గరవుతుంది. ఇంట్లో ఉన్నవారు ఇఫ్తార్ ముగించి తరావీహ్‌కు లేచే వేళకు గూడా విమానంలో ఉన్నవాడు ఉపవాసంతోనే ఉంటాడు.

సూర్యుడు కంటికి కనబడుతుండగా ఇఫ్తార్ చేస్తే ఆ ఉపవాసం చెల్లదు. మరొక సూక్ష్మ విషయం కూడా ఉన్నది. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఉన్నవానికి దిగంతం ఇంకా క్రిందికి కనబడుతుంది. అందుచేత విమానం క్రింద ఉన్న ఊరిలో పొద్దుగుంకిన తరువాత కూడా పది నిమిషాలకు పైగా విమానంలో సూర్యుడు కనబడుతూనే ఉంటాడు. ప్రయాణీకుడు తాను ఉన్న చోటి సూర్యుని బట్టి నడుచుకోవాలి, క్రింది ఊరి అజాన్‌ను బట్టి గాని ఇంటి గడియారాన్ని బట్టి గాని కాదు. మధుమేహం ఉన్న పెద్దలు అటువంటి రోజున ముందుగానే వైద్యుని సంప్రదించాలి. రాత్రి విమానం దొరికితే వారికి అదే మంచిది. ఇన్సులిన్‌ను పెద్ద సామానులో పెట్టి పంపివేయకుండా, వైద్యుని చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

చేతి సంచి అన్నాము గనుక ఇహ్రామ్ ప్రస్తావన ఇక్కడనే తీసుకువస్తాము. ఓడలో వెళ్లిన మన పెద్దలు యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చినప్పుడు ఇహ్రామ్ ధరించేవారు. విమానాలు సాధారణంగా గల్ఫ్ తీరం మీదుగా సౌదీ భూభాగంలో ప్రవేశించి, తాయిఫ్ వైపున ఉన్న ఖర్న్ అల్ మనాజిల్ మీఖాత్ పరిసరాలను దాటి జిద్దాలో దిగుతాయి. అంటే జిద్దా చేరకముందే మీఖాత్ దాటిపోతుంది. దిగడానికి ఇంచుమించు అరగంట ముందు మీఖాత్ సమీపిస్తున్నదని చాలా విమానాలలో ప్రకటిస్తారు. విమానం ఆ అరగంటలో వందల కిలోమీటర్లు పోతుంది. ప్రకటన విన్న తరువాత లేచి, మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడి, బట్టలు మార్చుకునేటప్పటికి మీఖాత్ వెనుకబడిపోతుంది.

అంతకన్నా విచారకరమైన స్థితి కూడా కలదు. ఒక కుటుంబంలో తండ్రీ కొడుకులిద్దరి ఇహ్రామ్ వస్త్రాలను భద్రంగా ఉంటాయని పెద్ద పెట్టెలో సర్ది, ఆ పెట్టెను శంషాబాదులోనే విమానం పొట్టలోకి పంపించారు. జిద్దాలో దిగి, పెట్టె తీసుకుని ధరించవచ్చని వారికి ఎవరో చెప్పారట. ఉమ్రా సంకల్పంతో ఉన్నవాడు ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటితే, తిరిగి ఒక మీఖాత్‌కు వెళ్లి ఇహ్రామ్ కట్టుకుని రావాలి, లేదా దమ్ రూపంలో ఒక జంతువును బలి ఇవ్వాలి. ఆ తండ్రీ కొడుకులు దమ్ చెల్లించారు. వస్త్రాలు అందుబాటులో లేకపోయినా వారు విమానంలో సంకల్పం చేసుకుని తల్బియా పలికి ఉంటే ఇహ్రామ్‌లో ప్రవేశించినట్లే అయ్యేది. కుట్టిన బట్టలతో ఉన్న ఆ కొద్ది గంటలకు దానికి తగిన ప్రాయశ్చిత్తం మిగిలేది. ఈ తేడా చెప్పేవారు వారికి దొరకలేదు.

కాబట్టి పురుషులు ఇంటి వద్దనో విమానాశ్రయంలోనో స్నానం చేసి ఇహ్రామ్ వస్త్రాలు ధరించి విమానం ఎక్కాలి. వస్త్రాలు ధరించినంత మాత్రాన ఇహ్రామ్ కాదు. సంకల్పం, తల్బియా కలిస్తేనే ఇహ్రామ్ అవుతుంది. ఆ సంకల్పాన్ని దిగే సమయానికి గంట ముందుగా చేసుకుంటే చాలు. టికెట్టు మీద జిద్దా చేరే సమయం సౌదీ గడియారంలో ఉంటుంది గనుక ఎక్కగానే చేతి గడియారాన్ని రెండున్నర గంటలు వెనుకకు తిప్పుకుంటే ఈ గంట ఎప్పుడన్నది తేలికగా తెలుస్తుంది. స్త్రీలకు ప్రత్యేక వస్త్రాలు లేవు. వారికి సంకల్పం, తల్బియా మాత్రమే. ముందుగా మదీనా విమానాశ్రయంలో దిగే టికెట్టు ఉన్నవారికి ఈ తొందర ఏదీ లేదు. వారు మదీనా నుండి మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రామ్ కట్టుకుంటారు. మొదటిసారి వెళ్లే వృద్ధులకు మదీనా మీదుగా వెళ్లే దారినే మేము సూచిస్తూ ఉంటాము. ప్రయాణపు అలసట మస్జిదె నబవీ నీడలో తీరిన తరువాత ఉమ్రా చేయడం వారికి సుఖంగా ఉంటుంది.

జిద్దాలో దిగి నేరుగా మక్కా చేరినవారు ఆ క్షణాననే తవాఫ్‌కు పరుగెత్తాలన్న నియమం ఏదీ లేదు. సఫా, మర్వాల మధ్య ఏడు పర్యాయాలు కలిపితే మూడు కిలోమీటర్లకు పైగా నడక. పదిహేను గంటలు కూర్చుని కాళ్లు వాచిన మనిషిని బస్సు దిగగానే అక్కడికి నడిపించడం దయ అనిపించుకోదు. ఇహ్రామ్‌లోనే ఉండి, నిషిద్ధాలను పాటిస్తూ, నాలుగు గంటలు నిద్రించి లేచి ఉమ్రా చేసుకోవచ్చు. బృంద నాయకుడు తొందరపెట్టినా సరే, ఈ మాట అతనికి చెప్పండి.

ఇక కొందరు చదువుకున్న యువకులు వేసే ప్రశ్న ఒకటి ఉన్నది. “పూర్వం ప్రయాణమంటే ఒంటెలు, ఎండ, దొంగల భయం. ఇప్పుడు చల్లని గాలిలో ఆరు గంటలు కూర్చుని పోవడానికి నమాజును కుదించడం ఎందుకు?” అంటారు. సరిగ్గా ఈ సందేహమే సహాబాలకు కూడా వచ్చింది. నాలుగవ సూరా 101వ వాక్యంలో భయపడే స్థితి ప్రస్తావన ఉన్నది గదా, ఇప్పుడు శాంతి నెలకొన్నది, మరి ఖస్ర్ ఎందుకని హజ్రత్ ఉమర్ (రజి)ను ఒకరు అడిగారు. తనకూ అదే ఆశ్చర్యం కలిగి దైవప్రవక్త (స)ను అడిగానని, అది అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన దానమనీ దానిని స్వీకరించవలసినదనీ ఆయన చెప్పారని ఉమర్ (రజి) తెలిపారు. సహీహ్ ముస్లింలో ఈ ఉదంతం ఉన్నది. ధర్మశాస్త్రం కష్టాన్ని కొలవలేదు, ఎందుకంటే కష్టం మనిషి మనిషికీ మారుతుంది. అది దూరాన్ని కొలిచింది. మధ్యస్థమైన నడకతో మూడు దినాల దూరమని హనఫీ ఇమాములు చెప్పగా, మన ప్రాంతపు పండితులలో అధికులు దానిని 48 మైళ్లుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా నిర్ణయించారు. ఆ దూరాన్ని ఒంటె మూడు దినాలలో దాటినా, విమానం ఆరు నిమిషాలలో దాటినా మనిషి ముసాఫిరే.

అయితే ఆ ముసాఫిర్ స్థితి ఎక్కడ మొదలవుతుంది? ఇంటి గడప వద్ద కాదు, విమానం చక్రాలు నేలను విడిచినప్పుడు కూడా కాదు. తన ఊరి జనావాసం ముగిసిన చోట. 2008 మార్చి వరకు మన విమానాలు బేగంపేట నుండి బయలుదేరేవి. అది నగరం నడిబొడ్డున ఉన్నది గనుక హైదరాబాదు వాసి అక్కడ పూర్తి నమాజు చేసేవాడు. అందులో ఎవరికీ సందేహం ఉండేది కాదు. శంషాబాదు సంగతి వేరు. అది నగరానికి వెలుపల కట్టినది. కాని ఇళ్లు ఏటేటా దానివైపు ప్రాకుతున్నాయి. మా అభిప్రాయంలో విమానాశ్రయపు ఆవరణ ఇంకా నగరపు జనావాసంలో కలిసిపోయిన భాగం కాదు. కనుక ప్రయాణానికి బయలుదేరిన హైదరాబాదు వాసి అక్కడ ఖస్ర్ చేయవచ్చు. ఇళ్ల వరుస తెగకుండా అక్కడి దాకా చేరిందని భావించే ముఫ్తీలు దీనితో ఏకీభవించరు. వారి మాట నమ్మేవారు పూర్తిగా చేసుకోవాలి. స్థానిక ఇమాము వెనుక జమాఅత్ దొరికితే ఈ చర్చకే తావు లేదు, ఆయనతోపాటు నాలుగు రకాతులే. మక్కాలో, మదీనాలో కూడా హరమ్ ఇమాము వెనుక నాలుగే. ఒకే చోట పదిహేను దినాలు ఉండే సంకల్పం లేనివారు ఒంటరిగా చేసేటప్పుడు రెండు.

తిరుగు ప్రయాణం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగంలో ఆగినట్లే. ఉమ్రా ముగిసింది, మనసు ఇంటి మీద ఉన్నది, శరీరం అలసి ఉన్నది. ఎక్కువ మంది ఏమరిచేది ఇక్కడనే. జనవరిలోనే జిద్దా నుండి రాత్రి 11 గంటలకు బయలుదేరే విమానాన్ని తీసుకోండి. ఎత్తులో పడమటి నుండి తూర్పుకు వీచే గాలులు శీతాకాలంలో బలంగా ఉంటాయి గనుక వచ్చేటప్పుడు తక్కువ సమయం పడుతుంది. ఐదుంబావు గంటలు అనుకుందాం. సౌదీ గడియారంలో తెల్లవారుజామున 4:15కు చేరుతుంది. మనసులో ఆ గడియారమే ఉన్నవాడు “ఇంకా ఫజ్ర్‌కు చాలా సమయం ఉంది, దిగి చేసుకుందాం” అని దుప్పటి కప్పుకుంటాడు. కాని హైదరాబాదులో అప్పటికి ఉదయం 6:45, జనవరిలో సూర్యోదయం కూడా ఇంచుమించు అప్పుడే! ఎత్తున ఉన్నందువల్ల విమానంలో సూర్యుడు మరికొంత ముందుగానే కనబడతాడు. ఫజ్ర్ వేళ అంతా గాలిలోనే, దిగడానికి ముందరి గంట, గంటంబావులోనే వచ్చి పోతుంది. ఆ సమయంలో విమానంలో దీపాలు ఆర్పి ఉంటాయి, అందరూ నిద్రలో ఉంటారు.

అందుచేత ఆ రాత్రి ఇషా జిద్దాలోనే చేసుకుని ఎక్కండి. బృందంలో ఇద్దరు వంతులవారీగా మేలుకుని ఉండండి. చేరే సమయానికి గంటన్నర ముందు మోగేటట్లు ఫోనులో అలారం పెట్టుకోండి. అలారానికి బయటి సంబంధంతో పని లేదు, అది మోసం చేయదు. తూర్పు దిక్కున తెల్లని చార అడ్డంగా పరచుకున్నదో లేదో కిటికీ ప్రక్కన కూర్చున్నవారు చూసి మిగతావారికి చెప్పాలి. ఇంత చేసినా నిద్ర పట్టి తప్పిపోయినవారు దిగిన వెంటనే, సూర్యుడు కొంత పైకి వచ్చిన తరువాత ఖజా చేసుకోవాలి. వెళ్లేటప్పుడు అస్ర్ తప్పిపోయి ఇంటికి వచ్చిన తరువాత ఖజా చేస్తున్నవారు కూడా కొందరు ఉంటారు. ప్రయాణంలో తప్పిన నాలుగు రకాతుల నమాజుకు ఇంటి వద్ద ఖజా చేసినా రెండు రకాతులే అన్నది హనఫీ మస్లక్.

శంషాబాదులో దిగిన హైదరాబాదు వాసికి నగరపు జనావాసంలో ప్రవేశించగానే ప్రయాణం ముగుస్తుంది. ఆనాటి జుహర్ అతనికి నాలుగు రకాతులు. అదే విమానంలో దిగిన కర్నూలు సోదరుడు హైదరాబాదులో బంధువుల ఇంట భోజనం చేసి, అక్కడే జుహర్ ఒంటరిగా చేస్తే అతనికి ఇంకా రెండే. అతని ప్రయాణం తుంగభద్ర దాటి తన ఊరి ఇళ్లు చేరినప్పుడే ముగుస్తుంది.